టిక్కు పెట్టని గడి

మిస్సోరి రాష్ట్ర మాజీ సెక్రటరీ ఆఫ్ స్టేట్ జేసన్ క్యాండర్ గారికి,

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో రెవెన్యూ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషిని. ఉద్యోగమంతా దరఖాస్తుల మధ్యే గడిచింది. కుల ధ్రువీకరణ, ఆదాయం, పట్టా, ఓటరు నమోదుకు ఫారం 6, తొలగింపుకు ఫారం 7. దరఖాస్తులో ఒక గడి ఖాళీగా కనబడితే మా లెక్కలో రెండే కారణాలు: తెలియక వదిలేసి ఉంటారు, తెలిసీ వదిలేసి ఉంటారు. మొదటి రకం వాళ్ళు కౌంటరు దగ్గరే నిలబడి "ఇక్కడేం రాయాలండీ" అని అడుగుతారు. రెండో రకం వాళ్ళు కాగితం చేతిలో పెట్టి గబగబా మెట్లు దిగిపోతారు.

మీరు రెండో రకం. మాజీ సైనికుల వైద్యం కోసం వెటరన్స్ శాఖ ఫారాన్ని ఆన్‌లైన్‌లో నింపుతూ, అసలు లక్షణాలు అడిగిన గళ్ళకు టిక్కు పెట్టడానికి భయమేసి వదిలేశానని మీరే రాశారు. 2018 అక్టోబరు 2న కాన్సస్ సిటీ మేయరు పోటీ నుంచి తప్పుకుంటూ ఊరందరికీ విడుదల చేసిన ఉత్తరంలో ఉందది. ఆ ఉత్తరంలో జనానికి గుర్తుండిపోయిన మాటలు వేరే. నేను మాత్రం ఆ గళ్ళ దగ్గరే ఆగిపోయాను. మీరు న్యాయశాస్త్రం చదివారు. ఒక రాష్ట్రపు బ్యాలెట్లకూ రికార్డులకూ నాలుగేళ్ళు పెద్దగా ఉన్నారు. గడి నింపితే ఏమవుతుందో, నింపకపోతే ఏమవుతుందో మీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

ఇది బహిరంగ లేఖ కాబట్టి పక్కనుంచి చదివే మావాళ్ళ కోసం మీకు తెలిసిన సంగతులే కొన్ని మళ్ళీ చెబుతాను, ఓపిక పట్టండి. సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనగానే మావాళ్ళు విదేశాంగ మంత్రి అనుకుంటారు. వాషింగ్టన్‌లో ఆ పేరుకు అదే అర్థం. రాష్ట్రాల్లో అలా కాదు. మిస్సోరిలో ఆ పదవిలో ఉన్నవాళ్ళు ఎన్నికలు చూస్తారు, వ్యాపార సంస్థల రిజిస్ట్రేషన్లు చూస్తారు, రాష్ట్ర పురాలేఖల భాండాగారం, రాష్ట్ర గ్రంథాలయం కూడా వారి కిందివే. ప్రజలు సంతకాలు సేకరించి ఓటుకు పెట్టే ప్రతిపాదనలకు బ్యాలెట్ మీద వేసే సారాంశం కూడా వారి కార్యాలయమే రాయాలి, అదీ వంద మాటలకు మించకుండా. ఆ వంద మాటల మీద కోర్టులకు వెళ్ళేవాళ్ళుంటారు. ఒక పంచాయతీ తీర్మానాన్ని అరపేజీలో రాయడానికి నేను పడ్డ తిప్పలు తలచుకుంటే మీ కష్టం నాకు అర్థమవుతుంది.

అర్థం కానిది ఒకటుంది. మా దగ్గర ముఖ్య ఎన్నికల అధికారి ఐఏఎస్ అధికారి. మీ దగ్గర ఆ కుర్చీ కోసం పార్టీ టిక్కెట్టు మీద పోటీ చేసి గెలవాలి. పైగా 2016లో మీరు ఆ కుర్చీలో ఉంటూనే అమెరికా సెనేట్‌కు పోటీ చేశారు. మా దగ్గరైతే నోటిఫికేషన్ రాకముందే మిమ్మల్ని ఏ మూలకో బదిలీ చేసి ఉండేవారు. ఎవరి పద్ధతి వాళ్ళది. మా పద్ధతిలోనూ లొసుగులు లేవని నేననను, వాటిలో కొన్నింటికి నేనే ఫైలు కట్టాను.

మీరు పుట్టింది 1981లో, కాన్సస్ సిటీ శివారు ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో. 2001 సెప్టెంబరు దాడుల తరువాత సైన్యంలో చేరారు. జార్జ్‌టౌన్‌లో లా చదువుతూనే సైనిక శిక్షణ పూర్తి చేసి ఇంటెలిజెన్స్ అధికారి అయ్యారు. 2006లో మీరే కోరుకుని అఫ్గానిస్తాన్ వెళ్ళారు. తిరిగొచ్చాక ప్రాక్టీసు, రెండుసార్లు రాష్ట్ర శాసనసభ. 2012లో 40 వేలకు లోపు ఓట్ల తేడాతో సెక్రటరీ ఆఫ్ స్టేట్. ప్రమాణం చేసేనాటికి మీకు 31 ఏళ్ళు. ఆ తరువాత సెనేట్ పోటీలో ఓడిపోయారు కానీ ఆ ఓటమే మిమ్మల్ని దేశమంతటికీ తెలిసేలా చేసింది. అదే రోజు మీ రాష్ట్రంలో అధ్యక్ష పదవికి మీ పార్టీ అభ్యర్థి 18 శాతానికి పైగా తేడాతో ఓడితే మీరు 3 శాతం కన్నా తక్కువ తేడాతో ఓడారు. కాబోయే అధ్యక్ష అభ్యర్థుల జాబితాల్లో మీ పేరు రావడం మొదలైంది.

ఈ పేరాను కరపత్రంలో వేస్తే చివర ఏం రాస్తారో మాకు తెలుసు: "న్యాయ, సైనిక రంగాల్లో విశేష అనుభవం కలవారు." మా భాషలో ఈ అనుభవం అనే మాట గమ్మత్తైనది. "ఆయనకు అనుభవం ఉంది" అంటే అర్హత. "ఆయన అనుభవించాడు" అంటే పడ్డాడు అని. "అనుభవిస్తావు చూడు" అంటే శాపం. మాట ఒక్కటే. ఉద్యోగానికి పెట్టే దరఖాస్తులో మొదటి అర్థం ఒక్కదానికే చోటుంటుంది. రెండోదానికి గడి ఉండదు. ఒకవేళ ఉన్నా టిక్కు పెట్టరు.

మా చిన్నాన్న సంగతి చెబుతాను. మాది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. ఆ పక్కనే మిలిటరీ మాధవరం అని ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఇంటికొకరు పట్టాళానికి వెళ్ళే ఊరు, పేరులోనే మిలిటరీ ఉంది. ఆ గాలి మా ఊరికీ సోకింది. చిన్నాన్న సైన్యంలో లారీ డ్రైవరు. 1987లో శాంతి సేనతో శ్రీలంక వెళ్ళాడు. జాఫ్నా రోడ్ల మీద రేషను, మందుగుండు తోలాడు. రోడ్ల కింద మందుపాతరలు పెట్టిన కాలం అది. 1990 మార్చిలో సేన తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మంది భారత సైనికులు అక్కడ చనిపోయారు. చిన్నాన్న ఒంటి మీద గీత కూడా లేకుండా వచ్చాడు. తరువాత ఒక బ్యాంకులో గార్డు ఉద్యోగం వచ్చింది.

పెళ్ళి భోజనాల్లో ఆయన ఎప్పుడూ గోడవైపు వరసలోనే కూర్చునేవాడు, వీపు గోడకు, మొహం గుమ్మానికి. ఆ వరస నిండిపోతే రెండో బంతి దాకా ఆకలితో ఆగేవాడు. రాత్రి మూడుసార్లు లేచి గడియలు చూసేవాడు. మా పిన్ని దానికి పెట్టిన పేరు "ఆయన నిద్ర పలచన." అంతే, రోగమూ కాదు రొష్టూ కాదు, మజ్జిగ పలచనైనట్టు నిద్ర పలచన. ఎవరైనా యుద్ధం కబుర్లు చెప్పమంటే ఒకటే మాట: "నేనేం కాల్చానమ్మా, లారీ తోలాను." ఊళ్ళో వాళ్ళు కూడా అదే అనేవారు, కాకపోతే నవ్వుతూ.

మీ పుస్తకం ఇన్విజిబుల్ స్టార్మ్ 2022లో వచ్చింది. మా అమ్మాయి ఒలేతాలో ఉంటుంది, మీరు పెరిగిన ఊళ్ళ పక్కనే. అక్కడికి ఆరు నెలలకని వెళ్ళినప్పుడు ఊరి లైబ్రరీ నుంచి తెచ్చిపెడితే, నిఘంటువు పక్కన పెట్టుకుని నిదానంగా చదివాను. మీరు కూడా అదే మాట పదేళ్ళకు పైగా మీకు మీరు చెప్పుకున్నారు. నేను తుపాకీ పేల్చలేదు, నాది అసలైన పోరాటం కాదు, అసలైనవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళకు దక్కాల్సిన మంచం నేను ఆక్రమించకూడదు అని. మీ పని కవచం లేని మామూలు బండిలో, ఒక దుబాసీతో, ఎవరి పక్షమో తెలియని మనుషుల ఇళ్ళకు వెళ్ళి కూర్చుని మాటలు రాబట్టడం. ఎదుటి మనిషి టీ ఇస్తాడో అపహరించి చంపేస్తాడో తెలియదు. సాయం వచ్చే దారి లేదు. ఆ గంటల్లో గుండు పేలకపోవడం వల్ల అది ప్రమాదం కాకుండా పోయిందా? మీరు కోర్టులో అయితే ఈ వాదనను ఐదు నిమిషాల్లో కొట్టిపారేసేవారు. మీ మీద మీరే తీర్పు చెప్పుకోవాల్సి వచ్చేసరికి అవతలి పక్షం సాక్షిని పిలవనేలేదు.

ఆ పుస్తకంలో మీ భార్య డయానా గారు రాసిన భాగాలు నాకు మరీ నచ్చాయి. ఇంట్లో ఒకరి భయం రెండోవారికి ఎలా అంటుకుంటుందో, తలుపు గడియలు ఇద్దరూ ఎలా చూడటం మొదలుపెడతారో ఆవిడ దాపరికం లేకుండా రాశారు. అవి చదువుతుంటే మా పిన్ని గుర్తొచ్చింది. చిన్నాన్న లేని రాత్రుల్లో కూడా ఆవిడ లేచి గడియలు చూసేది. ఆయన అలవాటు ఆవిడకు వచ్చిందని మేం నవ్వుకున్నాం.

ఇక సెనేట్ పోటీలో మీరు తీసిన ఆ ప్రచార ప్రకటన. 2016 సెప్టెంబరులో కళ్ళకు గంతలు కట్టుకుని, తుపాకీ కొనేవాళ్ళ పూర్వాపరాలు విచారించాలని మాట్లాడుతూనే, చేతులతో తడుముకుంటూ రైఫిలు బిగించారు. ప్రత్యర్థికి సవాలు విసిరారు. మా అల్లుడు అప్పట్లో ఆ వీడియోను కుటుంబం గ్రూపులో పెట్టాడు. ఏం చేతినేర్పు అని నేనూ మెచ్చుకున్నాను. పుస్తకం చదివాక మళ్ళీ చూశాను. కళ్ళు మూసుకున్నా చేతులు మరచిపోని మనిషి అని అప్పుడనుకున్నది, ఈసారి అలా కనబడలేదు. దేశమంతా చప్పట్లు కొట్టింది అనుభవంలోని మొదటి అర్థానికి. రెండో అర్థం ఆ రాత్రుల్లో మీ ఇంట్లో మెలకువగా ఉంది. ప్రకటన తీయడం తప్పని కాదు నేననేది. సైనిక సేవను ఓట్లకు వాడుకోవడం మీ దేశంలో, మా దేశంలో మామూలే. కానీ మనిషి ఉద్యోగానికి పనికొచ్చే సగాన్ని మాత్రమే తీసుకుని మిగతా సగాన్ని ఇంట్లో వదిలి రమ్మనే ఆ మామూలు మీద నాకు కోపం.

2018 వేసవిలో మీరు అధ్యక్ష పదవి మాటలు వదిలి ఊరి మేయరు పోటీకి వచ్చినప్పుడు చాలామందికి వింతగా తోచింది. సొంతూరికి వస్తే ఆ బాధ తగ్గిపోతుందేమో అనుకున్నానని తరువాత మీరే చెప్పారు. మా దగ్గర జాతకాలు చూసేవాళ్ళు స్థానచలనం అంటారు దీన్ని. తగ్గలేదు. ఆ ఊరి చరిత్రలో ఏ మేయరు అభ్యర్థీ ఒక త్రైమాసికంలో పోగుచేయనంత చందా వస్తోందని తెలిసిన రోజు మీరు పండగ చేసుకోలేదు. మాజీ సైనికుల అత్యవసర ఫోను లైనుకు ఫోను చేసి, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని ఏడుస్తూ ఒప్పుకున్నారు. అది మొదటిసారి కాదని కూడా. వారం తిరిగేసరికి పోటీ నుంచి తప్పుకున్నారు. మేయరు పదవి మరుసటి ఏడు క్వింటన్ లూకస్ గారికి దక్కింది.

ఆ ఉత్తరం మా రాష్ట్రంలో ఒక మున్సిపల్ చైర్మన్ రాసి ఉంటే ఏమయ్యేదో ఊహించాను. తెలంగాణలో "ఎర్రగడ్డ" అనేది ఒక పేట పేరు మాత్రమే కాదు, తిట్టు. విశాఖలో చినవాల్తేరుదీ అదే గతి. మానసిక వైద్యశాలలు ఉన్న పాపానికి ఆ ఊళ్ళ పేర్లే తిట్లయిపోయాయి. మా రాజ్యాంగం 191వ అధికరణం ప్రకారం మతిస్థిమితం లేదని ఒక మనిషిని శాసనసభకు అనర్హుణ్ణి చేయాలంటే, తగిన కోర్టు ఆ సంగతి ప్రకటించి ఉండాలి. చట్టం అంత జాగ్రత్తపడింది. టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళకు కోర్టుతో పనిలేదు. డాక్టరు చీటీ ఎవరి జేబులోంచో జారితే చాలు, అనర్హత మధ్యాహ్నానికల్లా ఊరంతా తిరిగివస్తుంది. 2017లో మానసిక ఆరోగ్యానికి కొత్త చట్టం తెచ్చుకున్నాం, 2022 నుంచి 14416కు ఫోను చేస్తే మన భాషలోనే మాట్లాడేవాళ్ళున్నారు. ఇది చదువుతూ ఎవరికైనా గుండె బరువెక్కితే ఆ నంబరు రాసిపెట్టుకోండి. ఎవరో ఏదో అనుకుంటారని ఆగకండి.

మీ దగ్గర కూడా మాజీ సైనికుడంటే అందరికీ ఒకే భావం లేదని నాకు ఒలేతాలోనే తెలిసింది. 2017 ఫిబ్రవరిలో మా హైదరాబాద్ కుర్రాడు శ్రీనివాస్ కూచిభొట్లను ఆ ఊళ్ళో ఒక బారులో కాల్చి చంపారు. తెలుగువాళ్ళలో చాలామంది ఆ ఊరి పేరు వినడం అదే మొదటిసారి. చంపినవాడు ఒకప్పుడు నావికాదళంలో చేసినవాడు. మా అమ్మాయి ఇంట్లో ఇప్పటికీ ఆ మాట వస్తే ఒక్క క్షణం అందరూ ఊరుకుంటారు. అది ద్వేషంతో చేసిన హత్య, కోర్టు తేల్చిందీ అదే. దానికీ యుద్ధం మిగిల్చే గాయానికీ ముడిపెట్టడం అన్యాయం. కానీ ముడిపెడతారేమో అనే భయమే చాలామంది చేత గళ్ళు ఖాళీగా వదిలేయిస్తుందని నా అనుమానం.

చికిత్స గురించి మీరు రాసిన పేజీల్లో లాయరు కనబడ్డాడు, అది నాకు సంతోషం. మనసులో పాతుకుపోయిన ఒక నమ్మకాన్ని కాగితం మీద పెట్టి, దానికి ఆధారమేమిటి, వ్యతిరేక సాక్ష్యమేమిటి అని క్రాస్ ఎగ్జామినేషన్ చేయడం. భయపెట్టిన సంగతిని నోటితో గట్టిగా చెప్పి, రికార్డు చేసి, విసుగొచ్చేదాకా మళ్ళీ మళ్ళీ వినడం. మాయలేదు, మంత్రం లేదు. వారం వారం వెళ్ళి చేయాల్సిన పని. యుద్ధం మిగిల్చే ఈ వ్యాధికి వైద్య గ్రంథాల్లో పీటీఎస్‌డీ అనే ఇప్పటి పేరు దక్కిందే 1980లో, వియత్నాం నుంచి వచ్చినవాళ్ళు పోరాడి తెచ్చుకున్నాక. అంతకు ముందు తరాలవాళ్ళకు ఆ పేరు లేదు. ఆ తరువాత కూడా మా ఇంట్లో ఉన్నది మా పిన్ని మాటే, నిద్ర పలచన.

కాన్సస్ సిటీలో ట్రూస్ట్ అవెన్యూ దగ్గర వెటరన్స్ కమ్యూనిటీ ప్రాజెక్టు వాళ్ళ ఊరు చూశాను. ఊరంటే ఊరే, ఇల్లులేని మాజీ సైనికులకు 49 చిన్న చిన్న ఇళ్ళు. మా లెక్కలో ఒక్కోటి ఒక పెద్ద గది. లోపల మంచం, వంటగట్టు, స్నానాల గది, మనిషికి సొంత తాళంచెవి. అభ్యర్థిగా మీరు ఈ చోటును చూడటానికి వచ్చారు, కొన్ని నెలలకే సాయం అడగడానికి వచ్చారు, తరువాత అక్కడే ఉద్యోగంలో చేరి ఆ పని ఇతర నగరాలకు విస్తరించే బాధ్యత తీసుకున్నారు. మీ జీవితంలో ఇన్ని పదవులున్నా నాకు నచ్చిన క్రమం ఇదే. వాళ్ళ పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది: కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసిన ప్రతివాడూ వాళ్ళకు సైనికుడే. ఎన్నాళ్ళు చేశావు, ఎంతమందిని కాల్చావు, డిశ్చార్జి ఎలా అయ్యావు అని కొలిచి గుమ్మంలో నిలబెట్టరు. మా ఆఫీసులో మాజీ సైనికులకు భూమి ఇచ్చే ఫైళ్ళు నేను చూసేటప్పుడు డిశ్చార్జి బుక్కును ముందూ వెనకా తిప్పి తిప్పి కొలిచేదాన్ని. నిబంధన అది. నిబంధన తప్పని అనను. కానీ ఆ కొలబద్ద ఆఫీసులో ఆగలేదని, ఆ మనుషులు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి తమను తామే కొలుచుకుంటున్నారని నాకప్పుడు తట్టలేదు.

ఇప్పుడు నా ఫిర్యాదు. మీరు పోటీ నుంచి తప్పుకోవడం మీకు అవసరం. ముందు చికిత్స, ప్రచారం రెండూ కలిపి నడుపుదామనుకుని, కుదరదని గ్రహించి ఆగారు. ఎవరి ఒళ్ళు వాళ్ళకే తెలుస్తుంది. కానీ చూసినవాళ్ళలో చాలామంది ఇంకో పాఠం నేర్చుకున్నారు: పదవి కావాలంటే నోరు మూసుకో, వైద్యం కావాలంటే పదవి వదులుకో. చక్కెర జబ్బున్న మంత్రులున్నారు, గుండెకు స్టెంటు వేసుకుని మర్నాడు ఫైళ్ళ మీద సంతకం పెట్టిన కలెక్టరును నేను చూశాను. ఎవరూ రాజీనామా చేయమనలేదు, ఆపిళ్ళూ పూలగుత్తులూ పట్టుకెళ్ళారు. మనసుకు వైద్యం చేయించుకునే మనిషి కూడా వారంలో ఒక పూట డాక్టరు దగ్గరికి వెళ్ళి మిగతా రోజులు పని చేసుకోవచ్చని చూపించాల్సింది ఎవరు? నాలాంటి డిప్యూటీ తహసీల్దారు చెబితే ఎవరూ వినరు. మీరు చెబితే వింటారు. మళ్ళీ ఎప్పుడైనా ఏ పదవికైనా నిలబడితే, "నయమైంది కాబట్టి వచ్చాను" అనకండి. కరపత్రంలో న్యాయ, సైనిక అనుభవం అని రాసే వరుసలోనే వైద్యం సంగతీ రాయండి, కింద చిన్న అక్షరాల్లో కాదు.

ఉత్తరం ఇక్కడితో ఆపేదాన్నే. కానీ పోయిన వారం ఒకటి జరిగింది. చిన్నాన్నకు ఇప్పుడు డెబ్భై దాటాయి. పిన్ని పోయింది. ఫోనులో మాటల మధ్య మీ సంగతి చెప్పాను. అమెరికాలో ఒక పెద్ద అధికారి, లాయరు, మిలిటరీలో చేసినవాడు, అఫ్గానిస్తాన్‌లో ఒక్క గుండు కూడా పేల్చకుండానే తిరిగొచ్చి పదేళ్ళు నిద్రపోలేదట అని. నవ్వుతాడనుకున్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకుని "చిన్నాన్నా" అన్నాను.

"ఏం బండిలో తిరిగేవాడట?" అన్నాడు.

కవచం లేని మామూలు బండి అట అని చెప్పాను.

"సీటు కింద ఇసక బస్తాలు వేసుకోవాల్సింది," అన్నాడు. "మేం రెండేసి వేసుకునేవాళ్ళం. నా ముందు లారీలో కుర్రాడు ఆ వేళ తొందరలో వేసుకోలేదు."

ముప్పై ఏళ్ళకు పైగా మా ఇంట్లో ఎవరికీ తెలియని కుర్రాడు. పేరేమిటని అడిగాను. చెప్పాడు. ఊరు కూడా చెప్పాడు. తరువాత, గడియ పెట్టుకుని వస్తానని లేచి వెళ్ళాడు. ఫోను పెట్టేయకుండా పక్కనే ఉంచి వెళ్ళాడు. నేను లైనులోనే ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు,
తాడేపల్లిగూడెం